మల్లీశ్వరి నీడలో ఉండిపోయిన బంగారుపాప

ప్రశ్న: నమస్తే అండీ. బి.ఎన్.రెడ్డి గారి సినిమా అంటే నాకు మల్లీశ్వరే. మా తాతయ్య మాత్రం "ముందు బంగారుపాప చూడవే, అప్పుడు మాట్లాడు" అంటారు. ఫోన్లో పెట్టా, ప్రింటు మసక, కథ నత్తనడక, అరగంటకి ఆపేశా. అంత ఏముందండీ అందులో? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: ముందు మీ తాతయ్యగారికి నా దండాలు చెప్పండమ్మా. నాకూ ఆ సినిమా అంటే ప్రాణం. 1951లో మల్లీశ్వరి తీసిన మనిషి కదా అని అదే కళ్లతో చూస్తే ఇందులో రాయలవారి కొలువు లేదు, ఎన్టీఆర్ లేడు, భానుమతి లేదు, కానీ ఎస్వీ రంగారావు ఉన్నాడు. కోటయ్య అని ఒక మొరటు మనిషి, చెయ్యని తప్పుకి జైలుకెళ్లొచ్చి, కారణమైనవాణ్ణి చంపేద్దామని వాన రాత్రి బయల్దేరతాడు, దారిలో ఎవరో వదిలేసిన పసిపిల్ల ఏడుపు వినపడుద్ది, ఇంక చూస్కోండి, చంపడానికి లేచిన ఆ చేతులే పిల్లని ఎత్తుకుంటాయి. అక్కణ్నుంచి ఆ మనిషి ఎలా మెత్తబడతాడో అదే సినిమా. అది చూడకుండా ఆపేశారే అని నా బాధ! 1955లో సినిమా వచ్చేనాటికి రంగారావు గారికి ఇంకా 37 నిండలేదు, పెళ్లీడు కూతురు కృష్ణకుమారికి తండ్రిగా చేశారు, పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడు ఈయనేనా అనిపిస్తుంది.

మాటలు పాలగుమ్మి పద్మరాజు గారివి. ఆయన గాలివాన కథకి 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది, అందులోనూ అంతే, గాలివాన రాత్రి ఓ పెద్దమనిషి గీసుకున్న గీతలన్నీ ఒక బిచ్చగత్తె దగ్గర చెరిగిపోతాయి. పాటలు కృష్ణశాస్త్రి గారు. మాధవపెద్ది సత్యం పాడిన "తాధిమి తకధిమి తోలుబొమ్మా" విన్నారా? భావకవి అంటే పూలూ వెన్నెలేనా అనుకునేవాళ్లకి అదొక్కటి వినిపిస్తే చాలు. జాతీయ అవార్డుల్లో ఆ ఏడాది తెలుగు సినిమాగా గుర్తింపు దీనికే వచ్చింది, అయినా మల్లీశ్వరిని తల్చుకున్నంతగా ఎవరూ తల్చుకోరు. ఈసారి తాతయ్యగారి పక్కన కూర్చుని పెద్ద టీవీలో చూడండి, వాన సీను దాకా కదలొద్దు.

ప్రశ్న: అది ఇంగ్లీషు నవల కథంట కదా, మరి కాపీయే కదా? (మరో పాఠకుడు, ఖమ్మం)

జవాబు: మూలం జార్జ్ ఎలియట్ 1861లో రాసిన సైలస్ మార్నర్, నిజమే. కానీ అక్కడ మగ్గం నేసేవాడు దాచుకున్న బంగారు నాణేలు పోగొట్టుకుంటాడు, తర్వాత బంగారు రంగు జుట్టున్న పాప దొరుకుతుంది. ఇక్కడ కోటయ్య దాచుకున్నది డబ్బు కాదు, పగ. కథ వేరే దారి పట్టింది కదండీ. పేరు కూడా చూడండి, జుట్టు రంగుతో పనేముంది, మన ఇళ్లలో నల్లజుట్టు పిల్లల్నే కదా నా బంగారూ అని పిలుచుకునేది.