నాటక సమాజానికి 3 లక్షల విరాళం: బ్యాంకుకు వెళ్లేముందు చూసుకోవాల్సిన లెక్కలు

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో చిన్న పట్టణం. 26 మంది సభ్యులతో నాటక సమాజం నడుపుతున్నాం, రిజిస్టర్ చేయించలేదు. నేను కోశాధికారిని, రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి. చందాలు, విరాళాలు నా సేవింగ్స్ ఖాతాకే వస్తాయి. ఏటా రెండు కొత్త నాటికలు తయారు చేసి, ఒక్కొక్కటి రెండు పరిషత్తుల్లో (నాటక పోటీల్లో) ఆడుతున్నాం. పోయిన ఏడాది 53,000 రూపాయలు నా జేబులోంచి పెట్టాను. ఇప్పుడు అమెరికాలో ఉన్న మా పాత సభ్యుడి కొడుకు 3 లక్షలు ఇస్తానంటున్నారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలా, మ్యూచువల్ ఫండ్‌లో పెట్టాలా? దాతలకు పన్ను మినహాయింపు వచ్చే 80జి గుర్తింపు తెచ్చుకుంటే విరాళాలు పెరుగుతాయా? ఊళ్లో టికెట్ పెట్టి ఆడవచ్చా? లెక్కలు జతచేశాను.

జవాబు: మాస్టారూ, మీరు డిపాజిట్ గురించి అడిగారు గాని, మీ కాగితాలు చూశాక ముందు తేల్చుకోవాల్సినవి మరో రెండు కనిపించాయి. ఆ 3 లక్షలు ఎవరి పేరు మీదికి వస్తాయన్నది ఒకటి. ఏటా 53,000 లోటు ఎక్కడ పడుతోందన్నది రెండోది. ఆ లోటు ఆగకపోతే 3 లక్షలు ఆరేళ్లలోపే కరిగిపోతాయి.

లోటుతోనే మొదలుపెడదాం. ఒక నాటిక తయారీకి మీరు రాసిన ఖర్చు ఇది: రచయితకు 5,000, దర్శకుడికి 15,000, బయటి ఊళ్ల నుంచి వచ్చే ఇద్దరు నటీమణులకు 12 రిహార్సల్స్‌కు కలిపి 24,000, సంగీతం రికార్డింగ్‌కు 10,000, సెట్టుకు, సామగ్రికి 22,000, దుస్తులకు 6,000, రిహార్సల్ గదికి, టీ టిఫిన్లకు 9,000. మొత్తం 91,000. ఇక పరిషత్తుకు వెళ్లిన ప్రతిసారీ వ్యాన్లకు 12,000, నటీమణులకు 6,000, మేకప్‌కు 3,000, లైటింగ్ చూసే మనిషికి 2,500, దారిలో భోజనాలకు 3,500. అంటే 27,000. నిర్వాహకులు ఇచ్చే పారితోషికం 20,000.

ప్రదర్శనలు పెరిగితే సెట్టు ఖర్చు రాబట్టుకోవచ్చని మీరు రాశారు. మీ అంకెలు మాత్రం అలా చెప్పడం లేదు. వెళ్లిన ప్రతిసారీ 7,000 పోతోంది కాబట్టి ఇలాగే ఎన్ని ఊళ్లు తిరిగితే అంత నష్టం. రెండు నాటికల తయారీ 1,82,000, నాలుగు ప్రయాణాల నష్టం 28,000, కలిపితే 2,10,000. చందాలు 37,000, విరాళాలు 1,20,000, కలిపి 1,57,000. తేడా సరిగ్గా 53,000. (చందా లెక్క కూడా చూడండి. 26 మంది నెలకు 200 చొప్పున కడితే 62,400 రావాలి. వచ్చింది 37,000. బడ్జెట్‌లో ఎప్పుడూ వసూలైన అంకే వేయండి.)

నా సలహా ఏడాదికి ఒక్క నాటిక, ఆరు ప్రదర్శనలు. అవి కూడా జంటలుగా ఆడాలి. సంక్రాంతి దాటాక వేసవి దాకా పరిషత్తుల తేదీలు దగ్గరదగ్గరగా పడతాయి. ఎంట్రీ పంపేటప్పుడే గుంటూరు వైపు ఒకటి ఉంటే, దాని మర్నాడు అదే దారిలో ఇంకొకటి దొరుకుతుందేమో చూసి తేదీ అడగండి. ఒకే ప్రయాణంలో రెండు ఆడితే వ్యాన్లకు 24,000 బదులు 16,000, భోజనాలకు 6,000, మిగతావి 23,000 అవుతాయి. ఖర్చు 45,000, రాబడి 40,000. రెండు ప్రదర్శనలకు 14,000 పోయేచోట 5,000తో సరిపోతుంది. మూడు ప్రయాణాలకు 15,000, తయారీకి 91,000, కలిపి 1,06,000. మీ 1,57,000లో 51,000 మిగులుతుంది. ఒకే నాటికను ఒకే సీజన్‌లో వేర్వేరు పరిషత్తుల్లో ఆడటం మామూలే కనుక ఇందులో నియమాల చిక్కు పెద్దగా ఉండదు. ఎంట్రీ ఫారంలో మాత్రం ఒకసారి చూసుకోండి. ఆరోసారి ఆడేసరికి నటన కూడా ఎంతో పదును తేరుతుంది.

వ్యాను ఖర్చులో ఇంకొంత తగ్గించవచ్చు. సెట్టుకు మీరు ఎనిమిదడుగుల ఫ్లాట్లు (గోడల్లా నిలబెట్టే పలకలు) వాడుతున్నారు. టాటా ఏస్ తొట్టి పొడవు ఏడడుగుల పైచిలుకే. అందుకే మీకు పెద్ద బండి పెట్టాల్సి వస్తోంది. ఫ్లాటు మధ్యలో మడతబందులు వేయించి నాలుగడుగులకు మడిచేలా చేస్తే, ప్లైవుడ్ బదులు చెక్క ఫ్రేముకు గుడ్డ బిగిస్తే సెట్టంతా చిన్న బండిలో పడుతుంది. దర్శకుడితో ఈ మాట స్క్రిప్టు చదివిన రోజే అనాలి. సెట్టు కట్టాక అంటే ఎవరూ వినరు.

బహుమతి డబ్బు బడ్జెట్‌లో సున్నా. వస్తే ఎవరిదన్నది రిహార్సల్స్‌కు ముందే రాసి పెట్టుకోండి. ఉత్తమ నటుడు, ఉత్తమ నటి లాంటివి ఆ కళాకారులకు, ఉత్తమ ప్రదర్శన నగదు సమాజానికి అనుకుంటే సరిపోతుంది. సమాజాలు చీలిపోయేది చాలాసార్లు ఈ ఒక్క విషయం మీదే.

ఇక 3 లక్షలు. ముందు ఆ అబ్బాయిని అడగాల్సింది ఒక్కటే: చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టా, అమెరికా పాస్‌పోర్టా? భారత పౌరుడిగా ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గాని, కేంద్రం ముందస్తు అనుమతి గాని లేకుండా రూపాయి కూడా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కు సంస్థకు మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు ఆశయాల మీద ఖర్చు పెట్టి ఉండాలి. మీ స్థాయికి అది అందేది కాదు. వేరే వాళ్ల పేరు మీద తెప్పించుకునే దొడ్డిదారి సలహాలు కూడా వినకండి. ఆయన అమెరికా పౌరుడైతే, ఇక్కడున్న వాళ్ల కుటుంబంలో ఎవరైనా తమ సొంత డబ్బు ఇవ్వదలిస్తే తీసుకోండి, లేదంటే సవినయంగా వద్దనండి.

భారత పౌరుడే అయినా మీ ఖాతాకు మాత్రం పంపించుకోవద్దు. బంధువు కాని వాళ్ల నుంచి ఏడాదిలో మొత్తం 50,000 దాటి వచ్చిన సొమ్మంతా మీ ఆదాయంగా లెక్కకొస్తుంది, మీ పెన్షన్‌కు కలిసి పన్ను పడుతుంది. అది సమాజం డబ్బని తర్వాత నిరూపించుకునే భారం మీదే. రేపు మీకేదైనా అయితే ఆ డబ్బు సమాజానికి కాక నామినీ చేతికి వెళుతుంది. ఇంట్లో వాళ్లూ, సమాజం వాళ్లూ ఎదురెదురు నిలబడే పరిస్థితి రాకూడదు.

కాబట్టి రిజిస్ట్రేషన్ ముందు, డబ్బు తర్వాత. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులు, ఆశయ పత్రం, నిబంధనావళి, కార్యాలయ చిరునామా రుజువు ఉంటే చాలు, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర చేయించుకోవచ్చు. తెలంగాణలో ఉన్నవాళ్లకూ ఇదే 2001 చట్టం. నిబంధనావళిని జిరాక్సు సెంటర్‌లో దొరికే నమూనా యథాతథంగా దించుకోకండి. మిగులును సభ్యులు పంచుకోకూడదు, సమాజం మూతబడితే ఆస్తి అలాంటి ఆశయాలున్న మరో సంస్థకే వెళ్లాలి, చెక్కు మీద ముగ్గురిలో ఇద్దరు సంతకం పెట్టాలి అన్న మూడు వాక్యాలు తప్పకుండా ఉండాలి. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, కార్యవర్గ జాబితాను రిజిస్ట్రార్‌కు దాఖలు చేయడం చాలా సమాజాలు రెండో ఏడాదే మరిచిపోతాయి. ఆ తర్వాత బ్యాంకులో సంతకాలు మార్చాల్సి వచ్చినప్పుడు పాత జాబితా పట్టుకుని చిక్కుల్లో పడతాయి.

రిజిస్ట్రేషన్ వల్ల పన్నులో ఒక పెద్ద మేలుంది. సభ్యుల వాటాలు తేలని రిజిస్టరు కాని సంఘం ఆదాయానికి గరిష్ఠ రేటున పన్ను పడే ప్రమాదం ఉంటుంది. రిజిస్టరైన సొసైటీకి ఆ నిబంధన వర్తించదు, మామూలు శ్లాబులే వర్తిస్తాయి. 2025-26 నుంచి కొత్త విధానంలో తొలి 4 లక్షలకు పన్ను లేదు. వ్యక్తులకు ఇచ్చే రిబేటు మాత్రం సొసైటీలకు ఉండదు. ఇక్కడ ఒక మెలిక చూడండి. ఊళ్లో వచ్చే 1,20,000, ఈ 3 లక్షలు ఒకే ఏడాది వస్తే విరాళాలు 4,20,000 అవుతాయి. 12ఎబి (ధార్మిక సంస్థగా ఆదాయపు పన్ను శాఖ దగ్గర చేయించుకునే రిజిస్ట్రేషన్) లేని సంస్థకు ఇవి ఆదాయమే. వీటికి ఎదురుగా నాటిక ఖర్చులు చూపించడం అంత సులువు కాదు. దాటిన 20,000కు పన్ను, సెస్సు కలిపి 1,040 రూపాయలు. పెద్ద మొత్తం కాదు గాని, తప్పించుకునే మార్గం సులువుగా ఉంది: సగం మార్చి 31లోగా, సగం ఏప్రిల్‌లో పంపమనండి. ఎలాగూ ఆర్థిక సంవత్సరం మీ సీజన్ నడిమధ్యలోనే ముగుస్తుంది. పన్ను లేకపోయినా ఆదాయపు పన్ను రిటర్ను (ఐటీఆర్-5) ఏటా వేయండి.

80జి ఇప్పుడు వద్దు. కొత్త పన్ను విధానంలో ఉన్న దాతకు 80జి మినహాయింపే లేదు. పాత విధానంలో ఉన్నవాళ్లకైనా 2,000 దాటిన నగదు విరాళానికి రాదు. మీ ఊళ్లో వర్తకులు ఇచ్చే ఐదొందలు, వెయ్యి దీనివల్ల పెరుగుతాయని నేను అనుకోను. మీవైపు మాత్రం దాతల జాబితా ఏటా మే 31లోగా దాఖలు చేయాలి, ఆలస్యమైతే రోజుకు 200 చొప్పున రుసుము. దానికి ముందు 12ఎబి కావాలి. ప్రజోపయోగ ఆశయం కింద దాన్ని పొందిన సంస్థకు రుసుము తీసుకుని చేసే వ్యాపార తరహా పనుల రాబడి మొత్తంలో 20 శాతం దాటకూడదు. ఆరు పరిషత్తుల పారితోషికం 1,20,000 మీ మొత్తం రాబడిలో 43 శాతం. అది వ్యాపారం కాదని వాదించవచ్చు గాని, ఇంత చిన్న సమాజం ఆ వాదనను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. (కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి. అందరికీ అలవాటైన పాత పేర్లే ఇక్కడ వాడాను.)

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మ్యూచువల్ ఫండ్ వద్దు. ఇది మీ సొంత డబ్బు కాదు, ఏడాది తిరక్కుండానే అవసరం పడేది. మార్కెట్ పడిన నెలలోనే రిహార్సల్స్ మొదలైతే ఎవరికి జవాబు చెబుతారు? అలాగని వడ్డీ మాత్రమే వాడే శాశ్వత నిధి చేయడమూ నాకు నచ్చదు. 7 శాతం వచ్చిందనుకున్నా ఏడాదికి 21,000, ఒక్క ప్రయాణం ఖర్చుకు కూడా చాలదు. మీకు కావలసింది తిరిగే డబ్బు. ఒక నాటిక తయారీ, తొలి ప్రదర్శన కలిపి 1,18,000. కాబట్టి 1,20,000ను నాటిక నిధిగా విడదీసి, 40,000 చొప్పున మూడు డిపాజిట్లు వేయండి. అవసరమైనప్పుడు ఒక్కటే విరిస్తే మిగతా రెంటి వడ్డీ పోదు. సీజన్ ముగిశాక చందాలు, విరాళాలతో ఆ నిధి మళ్లీ 1,20,000కు చేరాలి. చేరేదాకా కొత్త నాటిక చదవడం కూడా మొదలుపెట్టవద్దని తీర్మానం రాసుకోండి. ఈ ఒక్క నియమం పాటిస్తే మీ జేబు జోలికి రావాల్సిన పని ఉండదు.

మిగిలిన 1,80,000ను ఏడాదికి 60,000 చొప్పున మూడేళ్లు వాడండి. లైట్లు, సౌండు కొనాలన్న ఒత్తిడి తప్పకుండా వస్తుంది. ఆరు ప్రదర్శనలకు లైటింగ్‌కు మీరిచ్చేది 15,000. కొంటే దాచే చోటు, మరమ్మతు, నడిపే మనిషి, బండిలో జాగా అన్నీ మీ మీద పడతాయి. దానికి బదులు ఊళ్లో ఆడపిల్లలకు, గృహిణులకు నటనలో శిక్షణ పెట్టండి. బయటి నుంచి వచ్చే నటీమణుల రానుపోను ఖర్చు మిగులుతుంది, రిహార్సల్స్ పన్నెండు దాటి చేసుకోవచ్చు. అలాగని వాళ్ల పారితోషికం ఎగ్గొట్టవద్దు. పురుషుల్ని సభ్యులుగా, స్త్రీలను కూలికి వచ్చినవాళ్లుగా చూసినన్నాళ్లూ సమాజం నిలవదు. వాళ్లకు సభ్యత్వం, ఓటు రెండూ ఇవ్వండి.

టికెట్ పెట్టవచ్చు. ప్రవేశ రుసుము మనిషికి 500 దాటకపోతే నాటకానికి జీఎస్టీ లేదు. మొత్తం రాబడి 20 లక్షల లోపే కాబట్టి రిజిస్ట్రేషన్ అవసరమూ లేదు. చూసుకోవాల్సింది కాపీరైటు. 1957 కాపీరైటు చట్టంలో అమెచ్యూర్ క్లబ్బులు ప్రేక్షకుల దగ్గర డబ్బు తీసుకోకుండా ఆడే ప్రదర్శనకు మినహాయింపు ఉంది. టికెట్ పెట్టిన క్షణం అది పోతుంది. రచయితకు 5,000 ఇచ్చినప్పుడే ఎన్ని ప్రదర్శనలు, ఎంతకాలం, టికెట్ ప్రదర్శనలు కలిపా, యూట్యూబ్‌లో పెట్టవచ్చా అన్నవి కాగితం మీద రాయించుకోండి. రచయిత చనిపోయి 60 ఏళ్లు దాటిన రచనలకు ఈ చిక్కు లేదు. 1915లో కన్నుమూసిన గురజాడ కన్యాశుల్కం అందరిదీ. అయితే ఈమధ్య ఎవరో కుదించిన రంగస్థల ప్రతిని వాడితే ఆ ప్రతి హక్కు వాళ్లదే. మొదటిసారికి ఏప్రిల్ 16, కందుకూరి జయంతి నాడు, తెలుగు నాటకరంగ దినోత్సవానికి వంద రూపాయల టికెట్‌తో ఒక సాయంత్రం పెట్టి చూడండి. ఆ రాబడిని కూడా బడ్జెట్‌లో సున్నాగానే వేయండి.

చివరగా, మీ 53,000. అది విరాళమా, అప్పా అన్నది కార్యవర్గం తీర్మానంలో రాయాలి. అప్పయితే తిరిగి చెల్లింపు బ్యాంకు ద్వారానే జరగాలి, ఇకముందు మీరిచ్చే అప్పు 20,000 చేరితే నగదుగా ఇవ్వకూడదు. ఈ ఏడాది నుంచి మీ సొంత విరాళానికి ఒక అంకె పెట్టుకోండి, పెన్షన్‌లో ఇబ్బంది లేనంత, ఇంట్లో వాళ్లకు చెప్పి. మీ నంబరు మీదున్న క్యూఆర్ కోడ్‌ను మాత్రం సొసైటీ ఖాతా తెరిచిన రోజే తీసేయండి.