టెక్ సందేహాలు: ఎఫ్‌ఎల్ స్టూడియోలో సౌండ్ నిజంగా పల్చగా వస్తుందా?

ప్రశ్న: మేం నలుగురు దోస్తులం పెండ్లి బరాత్‌లకు, బోనాలకు జానపద పాటల డీజే రీమిక్స్‌లు చేస్తాం. నేను కంప్యూటర్‌లో పాటలు చేసే సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎల్ స్టూడియో వాడతా. హైదరాబాద్‌లో సౌండ్ కోర్సు చేసి వచ్చిన దోస్తు మాత్రం ‘ఎఫ్‌ఎల్‌లో సౌండ్ పల్చగా వస్తది, ఏబుల్టన్ లైవ్‌కు మారు’ అంటున్నడు. రోజూ ఇదే లొల్లి. డబ్బు పెట్టి మారాలా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: సౌండ్ కోసమైతే మారొద్దు. ‘నాకు ఏబుల్టన్ ఇష్టం’ అని మీ దోస్తు అంటే అది అతని ఇష్టం, వాదించడానికేం లేదు. ‘ఎఫ్‌ఎల్‌లో పల్చగా వస్తది’ అంటే అది యంత్రం గురించి చెప్పిన మాట. దాన్ని మీ గదిలోనే పరీక్షించవచ్చు.

మిక్సింగ్ అంటే సాఫ్ట్‌వేర్ లోపల జరిగేది అంకెల కూడికే. 32 బిట్ ఫ్లోటింగ్ పాయింట్‌లో కూడినా, 64 బిట్‌లో కూడినా, తేడా మన చెవికి అందదు. నాలుగు వేవ్ ఫైళ్లు తీసుకుని రెండు సాఫ్ట్‌వేర్లలోనూ పెట్టండి. ఎఫెక్ట్‌లు వద్దు, ఫేడర్లు (వాల్యూమ్ మీటలు) ముట్టుకోవద్దు. ఏబుల్టన్‌లో వార్ప్ (ఆడియోను ప్రాజెక్ట్ వేగానికి సాగదీసే పని) ఆపేయండి. ఎఫ్‌ఎల్‌లో మాస్టర్ (అన్నీ కలిసే చివరి ట్రాక్) మీద లిమిటర్ (హద్దు దాటే సౌండ్‌ను అణిచేది) ఉంటే తీసేయండి. రెండింటినీ ఒకే శాంపుల్ రేట్‌లో (సెకనుకు సౌండ్‌ను ఎన్నిసార్లు కొలుస్తారో ఆ సంఖ్య), 24 బిట్ వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ రెండు ఫైళ్లను ఒకే ప్రాజెక్ట్‌లో సరిగ్గా ఒకే చోట మొదలయ్యేలా పెట్టండి. ఒకదాని పొలారిటీ తిప్పండి, అంటే దాని తరంగం తలకిందులై, రెండూ సమానమైతే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఎఫ్‌ఎల్ మిక్సర్‌లో ప్రతి ట్రాక్‌కూ దీనికి బటన్ ఉంది. కాస్త ఏమైనా వినిపిస్తే, వాల్యూమ్ సమానమయ్యేలా ఇక్కడ ఒక ఫేడర్‌ను కొద్దికొద్దిగా జరపండి. రెండూ ఒకటే అయితే ఏమీ వినపడదు.

అలాగని మీ దోస్తు చెవిని తీసిపారేయకండి. అతను తేడా నిజంగానే విని ఉంటాడు. ఎఫ్‌ఎల్ టెంప్లేట్లు కొన్నింటిలో మాస్టర్ మీద లిమిటర్ ముందే ఉంటుంది. ఏబుల్టన్ పొడవైన శాంపిల్స్‌ను (రికార్డు చేసి పెట్టిన శబ్దాలను) తనంతట తానే వార్ప్ చేస్తుంది. ఈ రెండూ సౌండ్‌ను మార్చేవే. వాల్యూమ్ సంగతి ఇంకా ముఖ్యం. కాస్త ఎక్కువ వాల్యూమ్‌లో ఉన్న మిక్స్ చెవికి బాగున్నట్టు, బేస్ నిండుగా ఉన్నట్టు తోస్తుంది. వాల్యూమ్ తగ్గేకొద్దీ మన చెవికి బేస్ ఎక్కువగా తగ్గిపోతుందని శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. వాల్యూమ్ సమానం చేయకుండా పోల్చి చెప్పే ఏ తీర్పునూ నేను నమ్మను, చెప్పేవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా సరే.

స్టేజి మీద క్లిప్పులు అప్పటికప్పుడు మార్చుకుంటూ వాయించడానికి ఏబుల్టన్ హాయిగా ఉంటుంది. బీట్ వేయడానికి ఎఫ్‌ఎల్ స్టెప్ సీక్వెన్సర్ (గడులు నొక్కి బీట్ వేసేది), పియానో రోల్ (స్వరాలను గీతలుగా పెట్టేది) చాలామందికి చేతికి తొందరగా అలవాటవుతాయి. పైగా ఒకసారి కొంటే అప్‌డేట్లన్నీ ఉచితం. ఎవరికి నచ్చింది వాళ్లు వాడండి. బీపీఎం (నిమిషానికి ఎన్ని బీట్లు) ఒకటే పెట్టుకుని ట్రాకులను విడివిడి వేవ్ ఫైళ్లుగా ఇచ్చిపుచ్చుకుంటే నలుగురూ కలిసి పనిచేయవచ్చు.

ప్రశ్న: మా పెద్దనాన్న డప్పు కొడతాడు. కీబోర్డు మీద శాంపిల్స్‌తో నేను తీన్మార్ వేస్తే ‘గిది డప్పేనారా?’ అంటాడు. ఆయన్ని ఎట్లా ఒప్పించాలి?
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: ఒప్పించే పని పెట్టుకోకమ్మా. ఆయన మాటలో నిజం ఉంది. మీ శాంపిల్ ప్యాక్‌లో ఒక్కో దెబ్బకు ఒకటో రెండో రికార్డింగులే ఉండి ఉంటాయి. అదే శబ్దం అచ్చంగా మళ్లీ మళ్లీ వస్తుంటే చెవి ఇట్టే పట్టేస్తుంది. ఆయన డప్పులో సిర్ర (లావు కర్ర) దెబ్బ వేరు, సిటికెన పుల్ల (సన్న పుల్ల) దెబ్బ వేరు. మంట మీద కాచినప్పుడు ఒక నాదం, చర్మం సడలాక ఇంకో నాదం. ఏ రెండు దెబ్బలూ ఒకేలా పడవు. దెబ్బలను కచ్చితంగా తాళం గడుల్లోకి జరిపే క్వాంటైజ్‌ను పూర్తిగా పెడితే ఉన్న కాస్త ఊపూ పోతుంది.

ఆయన డప్పునే రికార్డు చేయండి. ఒక్కో రకం దెబ్బను మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా, ఒక్కోటి ఐదారు సార్లు కొట్టించండి. వెలాసిటీని (మీట ఎంత గట్టిగా నొక్కారన్నదాన్ని) బట్టి, వంతులవారీగా అవి మారుతూ మోగేలా శాంప్లర్‌లో (శాంపిల్స్‌ను మోగించే సాధనంలో) అమర్చండి. క్వాంటైజ్‌ను సగానికి తగ్గించండి. ట్రాక్‌లో ఆయన పేరు వేయడం మాత్రం మరవొద్దు.

డప్పులా కాకుండా వేరే శబ్దం కావాలనిపిస్తే అదీ తప్పు కాదు. గిటారిస్టులు ఒంటరిగా సాధన చేసుకునేటప్పుడు బేస్ గిటార్ బదులు వాడుకుంటారని రోలాండ్ కంపెనీ టీబీ-303 అనే సింథసైజర్ తెచ్చింది. అది బేస్ గిటార్‌లా మోగలేదు, 1984లో తయారీ ఆగిపోయింది. కానీ ముంబయిలో చరణ్‌జీత్ సింగ్ 1982లోనే దాని మీద రాగాలు వాయించి రికార్డు చేశారు. తర్వాత షికాగో కుర్రాళ్లు దానితో యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతాన్నే పుట్టించారు. బేస్ గిటార్‌లా లేదన్నవాళ్లు పొరబడలేదు, దాన్ని మరోలా విన్నవాళ్లూ పొరబడలేదు.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌కు మిడి కీబోర్డు కలిపి బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో వింటున్నాను. మీట నొక్కిన కాసేపటికి సౌండ్ వస్తోంది. కొత్త ల్యాప్‌టాప్ కొనాలా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: అక్కర్లేదు. వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టండి. బ్లూటూత్‌లో ఆలస్యం చాలాసార్లు 100 మిల్లీసెకన్లు దాటుతుంది. విండోస్ అయితే ఆడియో సెట్టింగ్స్‌లో ఏసియో డ్రైవర్ (సౌండ్ ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) ఎంచుకుని బఫర్ (ఒక్కో విడతలో పంపే సౌండ్ ముక్క) 256 శాంపుల్స్ పెట్టండి. 44,100 శాంపుల్ రేట్‌లో అది దాదాపు 6 మిల్లీసెకన్లే. చిటపటలు వస్తే 512కు పెంచండి.