లెటర్‌లో మర్యాద ఉంది, మరి జవాబు ఎందుకు రావట్లేదు?

చీమకుర్తి నుంచి బీకాం చివరి సంవత్సరం అమ్మాయి అడిగిన ప్రశ్న: "సర్, మా నాన్నకి చిన్న గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉంది. విదేశీ కంపెనీలకి ఇంగ్లిష్‌లో ప్రపోజల్ లెటర్లు నేనే రాస్తున్నా. పదిహేను మందికి పంపితే ఒక్కరూ పలకలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేరాలా? ఈ పని రేపు ఉద్యోగానికి పనికొస్తుందా?"

కోర్సు వద్దమ్మా. నువ్వు పంపిన లెటర్ రెండుసార్లు చదివాను, గ్రామర్ తప్పులు రెండో మూడో ఉన్నాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు. అసలు ఇబ్బంది మర్యాద దగ్గరే వచ్చింది. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టి, "యువర్ ఎస్టీమ్డ్ కంపెనీ" అని పొగిడి, చివర "కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్" అని ముగించావు, ఇంత వినయం మధ్యలో మాత్రం "యూ మస్ట్ రిప్లై బిఫోర్ ఫ్రైడే" అని ఉంది. నీ మనసులో ఉన్నది "శుక్రవారం లోపు తప్పకుండా చెప్పాలండి" అనే కదా? తెలుగులో ఆ 'అండి' మాటని మెత్తబరుస్తుంది. ఇంగ్లిష్‌లో అండి లేదు, మస్ట్ ఒక్కటే మిగిలి హుకుంలా వినపడుతుంది. వాళ్ల మర్యాదంతా కుడ్, వుడ్, ఇఫ్ లాంటి చిన్న మాటల్లో ఉంటుంది, అవతలి మనిషి వద్దనడానికి కాస్త చోటు వదలడంలో ఉంటుంది. "కుడ్ యూ లెట్ మీ నో బై ఫ్రైడే ఇఫ్ దిస్ ఇంట్రెస్ట్స్ యూ?" అని రాసి చూడు, గడువు అదే, గొంతు మారిపోయింది.

ఇంకో మాట. "ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ పేమెంట్" అని రాశావు. మనకి డౌట్ అంటే అడిగి తెలుసుకోవాల్సింది, వాళ్లకి అనుమానం. డబ్బు దగ్గర అనుమానమంటే ఎవరికైనా మనసు విరుగుతుంది, క్వశ్చన్ అని రాయి చాలు. సర్ అని కూడా వద్దు, కొనే మేనేజర్ ఆడమనిషి కావచ్చు, పేరు వెతికి పేరుతోనే మొదలుపెట్టు.

సగం పేజీ ఫ్యాక్టరీ ఎప్పుడు పెట్టారు, తాతగారు ఎంత కష్టపడ్డారు అని ఉంది. చదువుతుంటే నాకు ముచ్చటేసింది, కానీ కొనే మనిషికి ముందు కావాల్సింది అది కాదు. బ్లాక్ గెలాక్సీ (బంగారు చుక్కల నల్ల గ్రానైట్), రెండు సెంటీమీటర్ల మందం, పాలిష్ చేసిన స్లాబులు, నెలకి ఇన్ని ఇవ్వగలం, ధర ఎఫ్‌ఓబీ చెన్నై ఇంత, ఇవన్నీ మొదటి మూడు లైన్లలో రావాలి. ఎఫ్‌ఓబీ అంటే సరుకు ఓడలోకి ఎక్కేదాకా ఖర్చు మీది, ఆపైన వాళ్లది, కాబట్టి చెన్నై దాకా లారీ కిరాయి ఆ ధరలో కలిసిందో లేదో నాన్నని అడుగు. మీరు అడుగుల లెక్కన అమ్ముతారు, యూరప్‌లో చదరపు మీటర్ల లెక్క. ఒక చదరపు మీటరంటే 10.76 చదరపు అడుగులు, ఆ లెక్క నువ్వే కట్టి పంపితే వాళ్లకి ఒక పని తప్పుతుంది, నా దృష్టిలో అంతకంటే పెద్ద మర్యాద లేదు. లక్షలు అని రాయొద్దు, బయటివాళ్లకి ఆ లెక్క అర్థం కాదు. తేదీ 05/06 అని రాస్తే అమెరికాలో మే 6 అనుకుంటారు, నెల పేరు అక్షరాల్లో రాయి. రాయిలో బంగారు చుక్కలు ఒక స్లాబులో దట్టంగా, ఇంకోదాంట్లో పలుచగా ఉంటాయి కదా, ఆ తేడా దాచకుండా ఎండలో తీసిన రెండు ఫోటోలు జత చెయ్యి.

ఉద్యోగం సంగతి. ఇలా రాయడంతోపాటు ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఎక్కించుకున్నామని ఓడవాళ్లు ఇచ్చే కాగితం), లెటర్ ఆఫ్ క్రెడిట్ (కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు ఇస్తామని కొనేవాళ్ల బ్యాంకు ఇచ్చే హామీ) చదివి అర్థం చేసుకోగలిగితే, ఒంగోలు గ్రానైట్ వాళ్ల దగ్గరే కాదు, నెల్లూరు వైపు రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీల్లోనూ ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ పనికి ధైర్యంగా అప్లై చేసుకోవచ్చు. బీకాం దానికి సరిగ్గా సరిపోతుంది.

ఈ వారం పదిహేను మందికీ వద్దు, ముగ్గురిని ఎంచుకో. వాళ్ల వెబ్‌సైట్ చూసి ఏ మందం స్లాబులు అమ్ముతున్నారో కనుక్కుని, ఎవరికి వాళ్లకి విడిగా రాయి. పంపేముందు నాకు చూపించు.