బ్యాంకు బిల్లుతో మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. జెఫర్సన్ రాజ్యాంగాన్ని అక్షరాలా పట్టుకున్నాడని, హామిల్టన్ సాగదీశాడని, అందుకే అమెరికాలో తొలి రెండు పార్టీలు, హామిల్టన్ ఫెడరలిస్టులూ జెఫర్సన్ రిపబ్లికన్లూ, పుట్టాయని మొదటి పేరాలోనే తేల్చేశావు. ఇక పాఠకుడు ముందుకు ఎందుకు చదవాలి? పైగా అది సగం నిజమే. సిద్ధాంతాన్ని పక్కనబెట్టి బ్యాంకు బిల్లుతో మొదలుపెట్టు.

1790 డిసెంబరులో ఆర్థిక మంత్రి హామిల్టన్ జాతీయ బ్యాంకు కావాలని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు నివేదిక ఇచ్చాడు. మూలధనం కోటి డాలర్లు, అందులో ఐదో వంతు ప్రభుత్వానిది, చార్టర్ (స్థాపనా అనుమతి) గడువు 20 ఏళ్లు. 1791 ఫిబ్రవరి 8న ప్రతినిధుల సభ 39–20 ఓట్లతో ఆమోదించింది. వద్దన్న 20 మందిలో ఒక్కరు తప్ప అంతా దక్షిణాది వాళ్లే. పార్టీలకు ఇంకా పేర్లు కూడా లేని రోజుల్లోనే గీత ఎక్కడ పడిందో ఈ లెక్క చెబుతుంది. దీన్ని మాత్రం వదలకు.

తరువాత అధ్యక్షుడు వాషింగ్టన్ బల్ల మీదికి వెళ్లు. సంతకం పెట్టాలా వద్దా అని ఆయన అటార్నీ జనరల్ రాండాల్ఫ్‌నీ, విదేశాంగ మంత్రి జెఫర్సన్‌నీ అడిగాడు. ఇద్దరూ వద్దన్నారు. ఆ కాగితాలనే హామిల్టన్‌కు పంపాడు. 23న జవాబు వచ్చింది, 25న సంతకం పడింది.

ఆ అభిప్రాయాలు చదివేటప్పుడు రాజ్యాంగం మొదటి అధికరణం 8వ సెక్షన్ చివరి క్లాజు కూడా ఎదురుగా పెట్టుకో. ఇచ్చిన అధికారాల అమలుకు అవసరమైన, తగిన చట్టాలు చేయవచ్చని అందులో ఉంది. అది లేకపోతే పని జరగదు అన్నంత ఉంటేనే అవసరం అవుతుందనీ, సౌకర్యంగా ఉంటే చాలదనీ జెఫర్సన్ వాదన. ఉపయోగపడితే చాలునని హామిల్టన్. అయితే కేంద్రం ఏదైనా చేసుకోవచ్చని హామిల్టన్ అన్నట్టు రాశావు, అది తప్పు. లక్ష్యం రాజ్యాంగం కేంద్రానికి ఇచ్చిన అధికారాల జాబితాలో ఉండాలి, సాధనాన్ని రాజ్యాంగం నిషేధించి ఉండకూడదు అన్నాడు. జెఫర్సన్‌నూ అలాగే జాగ్రత్తగా చదువు. ఆయన పునాదిగా చూపిన సవరణ, అంటే కేంద్రానికి ఇవ్వని అధికారాలు రాష్ట్రాలవి, ప్రజలవి అనే నేటి పదో సవరణ, అప్పటికి ఆమోదం పొందనేలేదు, ఆ ఏడాది డిసెంబరులో పొందింది. చివర్లో, వాదనలు రెండువైపులా సమానంగా తూగితే చట్టసభ మాటను గౌరవించి సంతకం పెట్టమని కూడా రాశాడు. ఈ వాక్యాన్ని చాలామంది దాటేసిపోతారు.

మన పాఠకుడికి ఒక మాట ముందే చెప్పాలి. జాబితాల్లో లేని అధికారాలు భారత్‌లో కేంద్రానివి, అక్కడ రాష్ట్రాలవి, ప్రజలవి. ఇది తెలియకపోతే జెఫర్సన్ భయం అర్థం కాదు. జెఫర్సన్ రిపబ్లికన్లకూ 1854లో పుట్టిన నేటి రిపబ్లికన్ పార్టీకీ సంబంధం లేదన్న సంగతి కూడా ఒక్క వాక్యంలో చెప్పేయి.

పార్టీ ఎలా తయారైందో నీ చిత్తులో ఎక్కడా లేదు. 1791 అక్టోబరులో ఫిలడెల్ఫియాలో హామిల్టన్ వ్యతిరేకుల పత్రిక మొదలైంది. సంపాదకుడు ఫిలిప్ ఫ్రెనో అదే సమయంలో జెఫర్సన్ శాఖలో ఏడాదికి 250 డాలర్ల జీతం మీద అనువాదకుడు. పత్రికలు, ఉత్తరాలు, సభలో ఓట్లు కలిసి పక్షం పార్టీగా గట్టిపడింది.

ఆపైన అధికారం ఎవరి చేతిలో ఉందో చూస్తూ రాయి. 1803లో లూసియానాను కోటిన్నర డాలర్లకు కొనేటప్పుడు జెఫర్సన్ రాజ్యాంగ సవరణ ముసాయిదా రాసి, ఆలస్యమైతే బేరం చెడుతుందని పక్కన పెట్టేశాడు. 1807లో ఆయన ఓడల రాకపోకలు ఆపితే, ఈసారి ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాల ఫెడరలిస్టులు ఆ అధికారం రాజ్యాంగంలో ఎక్కడుందని నిలదీశారు. 1791లో సభలో బ్యాంకును ఎదిరించిన మాడిసన్ 1816లో అధ్యక్షుడిగా రెండో బ్యాంకుపై సంతకం పెట్టాడు. అందరూ అవకాశవాదులేనని రాసెయ్యాలనిపిస్తుంది, తొందరపడకు. చట్టసభలు, కోర్టులు, ప్రజలు ఇన్నేళ్లుగా అంగీకరించినదాన్ని తన సొంత అభిప్రాయంతో తిరగదోడలేనని మాడిసన్ చెప్పిన కారణం బలమైనదే.

బ్యాంకు పెట్టే అధికారం కాంగ్రెస్‌కు ఉందన్న 1819 నాటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి మార్షల్ తీర్పు దగ్గర వ్యాసం ఆపావు. అక్కడ ఆపితే గొడవ తీరిపోయిందనుకుంటారు. 1832లో అధ్యక్షుడు జాక్సన్ రెండో బ్యాంకు పొడిగింపును వీటో చేస్తూ, కోర్టు తీర్పు అధ్యక్షుణ్ణి కట్టిపడేయదన్నాడు. అక్కడిదాకా తీసుకెళ్లు. రెండో చిత్తు పంపేటప్పుడు 1791 ఓట్ల లెక్క రాష్ట్రాలవారీగా జతచేసి పంపు.