పాఠకుల ప్రశ్నలు: నిన్న పత్రికలో చదివిన వార్త ఫోనులో ఎందుకు దొరకదు?

ప్రశ్న: మా ఇంటికి ఏళ్ల తరబడి వస్తున్న దినపత్రికకు ఇప్పుడు టీవీ ఛానలు, వెబ్‌సైటు, యాప్, యూట్యూబ్ ఛానలు కూడా ఉన్నాయి. అయినా జిల్లా పేజీలో చదివిన వార్తను మర్నాడు గూగుల్‌లో వెదికితే కనిపించదు. పాత మాధ్యమాలు, కొత్త మాధ్యమాలు కలిసిపోతున్నాయని అంటున్నారు కదా, మరి ఇలా ఎందుకు జరుగుతోంది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సంస్థలు కలిసిన మాట నిజమే. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1995లో ఈటీవీని తెచ్చింది; తరువాత మరికొన్ని తెలుగు దినపత్రికలూ ఛానళ్లు పెట్టుకున్నాయి. ఇప్పుడు ఒక విలేకరి తన ఫోనుతో తీసిన దృశ్యం ముందు యాప్‌లోకి, ఆపైన బులెటిన్‌లోకి వెళ్లి, రాత్రికి పత్రికలో వార్తగా మారడం మామూలైపోయింది. అయితే అచ్చు పేజీ లోపలి అక్షరం మాత్రం చాలాకాలం వేరుగానే ఉండిపోయింది, మీ ఇబ్బందికి మూలం అక్కడే ఉంది.

తెలుగు డీటీపీ, అంటే కంప్యూటరు మీద పేజీలు కూర్చే పని, దశాబ్దాలపాటు ‘అను’ వంటి ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో నడిచింది. ఆ ఫాంట్లలో కంప్యూటరు దాచుకొనేది ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేతాలనే. వాటి మీద తెలుగు అక్షరాల ముక్కలను, అంటే గుణింతపు గుర్తులను, ఒత్తులను, తలకట్లను అమర్చారు. కాగితం మీద అచ్చు అందంగా వస్తుంది గానీ, ఆ ఫాంటు లేని చోట అదే వాక్యం అర్థంలేని గుర్తుల వరుసగా కనిపిస్తుంది. సెర్చ్ ఇంజను దానిని తెలుగుగా గుర్తించలేదు. ప్రతి భాష అక్షరాలకూ సొంత సంకేతాలు ఇచ్చే ప్రమాణం యూనికోడ్. 1991 నాటి దాని మొదటి రూపంలోనే తెలుగుకు చోటు దొరికినా, పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. పైగా శీర్షికలకు పనికివచ్చే రకరకాల యూనికోడ్ ఫాంట్లు తెలుగులో చాలా ఆలస్యంగా వచ్చాయి. మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ వంటివి ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి.

ఈ-పేపరు చాలావరకు అచ్చు పేజీ బొమ్మే కాబట్టి, వెబ్‌సైటు కోసం విడిగా యూనికోడ్‌లో పెట్టిన వార్తలే వెతుకులాటలో తేలుతాయి. మండల వార్తలన్నింటికీ ఆ అవకాశం దక్కదు. నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు. ఒక ఊరి చెరువు గండి గురించో, ఒక బడి మూతపడడం గురించో రాసినవారు ఆ జిల్లా విలేకరి ఒక్కరే అయివుండవచ్చు. ఆ నాలుగు పేరాలు వెదికినా దొరకకపోతే ఆ ఊరి చరిత్రలో అంతమేరకు ఖాళీ ఏర్పడుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన ఆంధ్రపత్రిక పాత సంచికలు ఎందరో పరిశోధకులకు ఆధారమయ్యాయి, కానీ వాటినీ తేదీ తెలిస్తే తప్ప అందుకోవడం కష్టం. ప్రతి పత్రికా తన ఈ-పేపరుతోపాటు ఆ పాఠాన్ని యూనికోడ్‌లో భద్రపరచాలి. కొత్తగా రాస్తున్న వార్తలకైతే దీనికి సాంకేతికమైన అడ్డంకి లేదు. అప్పటివరకు మీకు అవసరమైన వార్తను కత్తిరించి, తేదీ, ఎడిషన్ పేరు రాసి దాచుకోండి. గూగుల్ లెన్స్ వంటివి బొమ్మలోని తెలుగును చాలావరకు చదువుతాయి గానీ, ఒత్తుల దగ్గర పొరబడతాయి కనుక ఒకసారి సరిచూసుకోవాలి.

ప్రశ్న: వాట్సాప్‌లో పత్రిక కత్తిరింపులు వస్తుంటాయి. అవి నిజమో కాదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పత్రిక పేరును, అక్షరాల తీరును అనుకరించి బొమ్మ తయారుచేయడం ఇప్పుడు సులువు కాబట్టి, కత్తిరింపును మాత్రమే చూసి నమ్మవద్దు. కొన్ని పత్రికలు తమ ఈ-పేపరు నుంచి పంచుకొన్న కత్తిరింపుకు తేదీ, పేజీ సంఖ్య, క్యూఆర్ కోడ్ జతచేస్తున్నాయి; ఆ కోడ్ పత్రిక సొంత వెబ్‌సైటుకే తీసుకువెళ్తున్నదో లేదో చూడండి. కోడ్ లేకపోతే ఆ తేదీ ఈ-పేపరు తెరవండి. ప్రధాన సంచికలో కనిపించనంత మాత్రాన అబద్ధమని తేల్చవద్దు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టిన నాటినుంచి మన పత్రికలలో అనేక వార్తలు ఒక్క జిల్లాకే పరిమితమవుతున్నాయి కనుక, సంబంధిత జిల్లా పేజీలను కూడా చూడాలి. అక్కడా లేకపోతే ఆ కత్తిరింపును ఎవరికీ పంపకుండా, పత్రిక కార్యాలయానికి ఒక నకలు పంపి అడగండి.