పాపాయి చేతికి ఏమివ్వాలి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా బాబుకు ఎనిమిదో నెల నడుస్తోంది. ఆరో నెలలో అన్నప్రాశన చేసి, ఆనవాయితీ ప్రకారం పుస్తకం, కలం, బంగారు గొలుసు, పూలు, డబ్బు, కత్తి ఎదురుగా పెడితే, వాడు పుస్తకం పట్టుకుని దాని అంచును నోట్లో పెట్టుకున్నాడు. పండితుడవుతాడని అందరూ మురిసిపోయారు. అప్పటి నుంచీ ఏది అందితే అది నోటికే వెళ్తోంది. మా అత్తయ్యగారు ‘ఛీ, ఎంగిలి’ అంటూ ప్రతిదీ లాగేసుకుంటున్నారు. కొన్న బొమ్మల వైపు చూడనైనా చూడడు; వంటింట్లో గరిటె చప్పుడైతే చాలు, అటే దేకుతాడు. ఈ అలవాటు మాన్పించాలా? ఇంట్లో సామాను ఆడుకోవడానికి ఇవ్వవచ్చా?
– ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: మాన్పించవద్దమ్మా. అన్నప్రాశన నాడు మీ ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూసినది, మరునాటి నుంచి మీ అత్తయ్యగారు వద్దంటున్నది ఒకటే పని. ఆ ఒక్కరోజు బిడ్డ చెయ్యి ఎటు వెళ్తుందో అని అంత శ్రద్ధగా చూస్తాం. తక్కిన రోజుల్లో ఆ చెయ్యి ఎటు వెళ్ళినా వెనక్కి లాగుతాం. నా దగ్గరకు వచ్చే తల్లులతో నేను తరచుగా అనే మాట ఇది.

ఈ వయసులో వేళ్ళకు ఇంకా పనితనం రాలేదు. పెదవులకు, నాలుకకు మాత్రం స్పర్శజ్ఞానం బాగా ఉంటుంది. అందువల్ల వస్తువు గట్టిదా మెత్తనిదా, చల్లగా ఉందా వెచ్చగా ఉందా, నున్ననిదా గరుకుదా అన్న సంగతులు బిడ్డకు ముందుగా నోటి ద్వారానే తెలుస్తాయి. నాలుగైదు నెలలకు చెయ్యి చాచి వస్తువును అందుకోవడం, ఆరు నెలలకు ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకోవడం, ఏడెనిమిది నెలలకు నేలకేసి కొట్టి చప్పుడు వినడం, తొమ్మిది పది నెలలకు బొటనవేలు, చూపుడువేలు కలిపి సన్నని వాటిని ఏరడం, ఏడాది వచ్చేసరికి గిన్నెలో వేసి తీసి మళ్ళీ వేయడం, ఇంచుమించు ఈ వరుసలో సాగుతుంది. ఒక నెల అటూ ఇటూ అయితే బెంగపడనక్కర లేదు. స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే, బిడ్డ పుట్టినప్పటి నుంచి రెండేళ్ళ వరకు ఉండే దశకు ఇంద్రియ చాలక దశ అని పేరు పెట్టాడు. చూడటం, తాకడం, కదిలించడం ద్వారానే బిడ్డ ఆలోచన రూపు దిద్దుకుంటుందని ఆయన ప్రతిపాదన. గుడ్డ కింద దాచిన చెంచా కోసం మీ బాబు గుడ్డ లాగి చూస్తున్నాడంటే, కనబడనంత మాత్రాన వస్తువు లేకుండా పోలేదని వాడికి అర్థమవుతున్నదన్న మాట.

కొన్న బొమ్మలను మీ బాబు ఎందుకు పట్టించుకోవడం లేదో ఒకసారి మీరే వాటిని కళ్ళు మూసుకుని పట్టుకుని చూడండి. ఎరుపుదైనా నీలందైనా, ఏనుగైనా కారైనా, ప్లాస్టిక్ బొమ్మలన్నీ చేతికి ఒక్కలాగే తగులుతాయి. అదే నునుపు, అదే తేలిక, అదే వాసన. స్టీలు గరిటె అలా కాదు. పట్టుకుంటే చల్లగా ఉంటుంది, కాసేపటికి వేడెక్కుతుంది, కింద పడితే మోగుతుంది, దాని గుంటలో ముఖం తలకిందులుగా కనిపిస్తుంది. పైగా రోజంతా అమ్మ చేతిలో ఉండే వస్తువు అది. వాడి ఎంపికలో తప్పేమీ లేదు.

ఇంగ్లండుకు చెందిన ఎలినోర్ గోల్డ్‌ష్మీడ్ (1910–2009) అనే శిశువిద్యా నిపుణురాలు ఇటువంటి నిత్యవస్తువులతోనే ఒక పద్ధతిని రూపొందించింది. కూర్చోవడం వచ్చి, ఇంకా నడవని బిడ్డ ముందు అంచులు తక్కువ ఎత్తున్న, ఒరిగిపోని గట్టి బుట్ట పెట్టి, అందులో కొయ్యవి, లోహంవి, గుడ్డవి, తోలువి, ప్రకృతిలో దొరికేవి రకరకాలు ఉంచాలని, ప్లాస్టిక్ మాత్రం వద్దని ఆమె చెప్పింది. బుట్ట కోసం మీరు బజారుకు వెళ్ళనవసరం లేదు. ఉగ్గుగిన్నె, ఇత్తడి గ్లాసు, చిన్న స్టీలు పళ్ళెం, పప్పుగుత్తి, పొట్టి అప్పడాల కర్ర, పీచు పూర్తిగా గీకి అంచు గరుకు కాగితంతో నున్నగా రుద్దిన కొబ్బరిచిప్ప, ఒక నూలు తువ్వాలు, ఒక పట్టుగుడ్డ ముక్క, కడిగిన పెద్ద నిమ్మకాయ – మీ ఇంట్లోనే ఇన్ని ఉన్నాయి. నిమ్మకాయ మీద పన్ను దిగి వాడు ముఖం ముడుచుకుంటే నవ్వుకోండి, లాక్కోకండి. తొక్క చిట్లి ముక్క ఊడేలా ఉంటే మాత్రం తీసేయండి.

పెట్టకూడనివీ ఉన్నాయి. తాటాకు విసనకర్ర అంచు పెదవిని కోస్తుంది. కొబ్బరిపీచు పోగులు ఊడి గొంతుకు అడ్డం పడతాయి. బరువైన ఇత్తడి సామాను వెల్లకిలా పడుకున్న బిడ్డ చేతికిస్తే ముఖం మీద పడుతుంది, కాబట్టి కూర్చున్నప్పుడే ఇవ్వాలి. కవ్వం పొడుగ్గా ఉంటుంది. దాన్ని నోట్లో పెట్టుకుని ముందుకు తూలితే అంగిలికి గుచ్చుకుంటుంది. జానెడుకు మించి తాళ్ళూ నాడాలూ ఉన్నవి ఏవీ వద్దు. నరసాపురం అల్లిక లేసు ముక్క చూడ ముచ్చటగా ఉంటుంది గాని, దాని కన్నాల్లో వేలు ఇరుక్కుని దారం బిగిస్తే వేలు వాచిపోతుంది.

మీ అత్తయ్యగారి ఎంగిలి భయానికి సమాధానం సబ్బునీళ్ళు. రోజూ బుట్ట తిరగేసి కడగండి, ఎండలో ఆరబెట్టండి, పగులు, పెచ్చు, ఊడిన మేకు ఉన్నదాన్ని పక్కన పెట్టండి. బాబు ఆడుతున్నంత సేపూ మీరిద్దరిలో ఒకరు దగ్గరే కూర్చోవాలి, అయితే ‘ఇది గరిటె నాన్నా, ఇలా కొట్టు’ అని నేర్పవద్దు. గ్లాసును ఇరవైసార్లు నేలకేసి కొట్టే బిడ్డ ప్రతిసారీ అదే చప్పుడు వస్తుందా అని పరీక్షిస్తున్నాడు. మధ్యలో మాట్లాడితే ఆ లెక్క తప్పుతుంది.

ప్రశ్న: మా మనవరాలికి పది నెలలు. నేల మీద చీమంత నలుసు కనిపించినా రెండు వేళ్ళతో ఏరి నోట్లో వేసుకుంటుంది. మొన్న వేరుశనగ గింజ నోట్లో పెట్టుకుని ఉక్కిరిబిక్కిరై దగ్గింది. కంగారుగా నేను గొంతులో వేలు పెట్టి కెలికాను. గింజ వచ్చిందో, మింగిందో తెలియదు. అలా వేలు పెట్టకూడదని మా అల్లుడుగారు కోప్పడ్డారు. మరేం చెయ్యాలి?
– ఒక అమ్మమ్మ, అంబాజీపేట దగ్గరి గ్రామం

జవాబు: ముందు పాప సంగతి. ఆ రోజు నుంచి దగ్గు తగ్గకపోయినా, ఊపిరిలో పిల్లికూత వంటి చప్పుడు వస్తున్నా, ఆయాసం, జ్వరం ఉన్నా, ఈ ఉత్తరం చదవడం ఆపి ఇవాళే పిల్లల వైద్యునికి చూపించండి. గింజ కడుపులోకి పోతే దానంతట అదే బయటకు వెళ్ళిపోతుంది. ఊపిరితిత్తి గొట్టంలోకి పోతే మొదటి ఉక్కిరిబిక్కిరి తగ్గాక బిడ్డ మామూలుగానే కనిపించి, వారం పది రోజులకు న్యుమోనియాలా బయటపడవచ్చు. వేరుశనగ అక్కడ నాని ఉబ్బుతుంది. అప్పుడు మందులతో లాభం ఉండదు, బ్రాంకోస్కోపీతో, అంటే ఊపిరి గొట్టంలోకి సన్నని పరికరం పంపి, తీయవలసిందే. దగ్గు మందు కోసం వచ్చినప్పుడు ‘ఆ మధ్య గింజ మింగింది’ అన్న మాట చెప్పడం పెద్దలు మరిచిపోతారు. మీరు తప్పక చెప్పండి.

అల్లుడుగారు అన్నది నిజమే. కనబడని దాని కోసం వేలితో కెలికితే అది మరింత లోపలికి దిగుతుంది. బిడ్డ గట్టిగా దగ్గుతూ, ఏడుస్తూ ఉంటే ఊపిరి ఆడుతున్నట్టే, దగ్గనివ్వండి. దగ్గు పెగలక, గొంతు రాక, పెదవులు నీలంగా మారితే మాత్రం క్షణం ఆగకూడదు. ఏడాదిలోపు బిడ్డను మీ ముంజేతి మీద బోర్లా, తల కిందికి వాలేలా పడుకోబెట్టి, దవడను చేత్తో పట్టి ఉంచి, రెండో అరచేతి అడుగు భాగంతో రెండు భుజాల మధ్య అయిదుసార్లు గట్టిగా చరచండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, చనుమొనల గీతకు కొంచెం దిగువన రొమ్ము ఎముక మధ్యలో రెండు వేళ్ళతో అయిదుసార్లు నొక్కండి. బయటకు వచ్చేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోను చెయ్యాలి. పొట్ట మీద నొక్కడం ఏడాది దాటిన వారికే గాని పసిబిడ్డలకు పనికిరాదు. స్పృహ తప్పితే రొమ్ము మీద వరుసగా నొక్కడం, నోటితో శ్వాస ఇవ్వడం మొదలుపెట్టాలి. ఈ విద్యను ఇంట్లో ఒక్కరైనా చేతితో చేసి నేర్చుకుని ఉండటం మంచిది.

ఏది చిన్న వస్తువో తేల్చడానికి ఒక కొలత ఉంది. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలను పరీక్షించేవారు 31.7 మిల్లీమీటర్ల అడ్డకొలత గల చిన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయేది ఏదైనా ప్రమాదమే. పది రూపాయల బిళ్ళ అడ్డకొలత 27 మిల్లీమీటర్లు, అంటే అదీ పడిపోతుంది. గుండ్రని బంతులకు ఈ కొలత చాలదు, అవి ఇంకా పెద్దవిగా ఉండాలి. మన ఇళ్ళలో ఈ గొట్టంలో పట్టేవి ఎన్నో: చింతపిక్క, సపోటా గింజ, సీతాఫలం గింజ, మొలతాడు పూస, గజ్జె మువ్వ, చొక్కా బొత్తాం. కొబ్బరి ఒలిచే ఇంట్లో నేల మీద పచ్చికొబ్బరి ముక్కలు దొర్లుతూనే ఉంటాయి. అవి గట్టివి, పళ్ళు లేని నోటికి నలగవు. వేసవిలో ముంజెకాయ ముద్దుగా బిడ్డ నోట్లో పెట్టే అలవాటు కూడా మనకుంది. జారుడు గుణం వల్ల అది నేరుగా గొంతులోకి పోతుంది. చిదిమి పెట్టండి.

ఇన్నిటిలో నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది రిమోట్లలో, దీపాల బొమ్మల్లో, కారు తాళాల్లో ఉండే బిళ్ళ బ్యాటరీకి. అది ఆహారనాళంలో ఇరుక్కుంటే లాలాజలంతో కలిసి రసాయన చర్య మొదలై, రెండు గంటలలోపే లోపలి పొరను కాల్చగలదు. మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా, ఏమీ తినిపించకుండా, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్ళాలి. బ్యాటరీ మూతకు స్క్రూ లేని వస్తువు పాకే బిడ్డ ఉన్న ఇంట్లో ఉండకూడదు.

ప్రశ్న: మా ఇల్లు కాలువ గట్టున ఉంది. తొమ్మిది నెలల పాప అరుగు అంచు దాకా పాకి వెళ్ళి తనంతట తానే ఆగుతోంది. ‘దానికి భయం తెలుసు, పడదు’ అంటున్నారు మా నాన్నగారు. నడక తొందరగా వస్తుందని చక్రాల వాకరు కూడా కొన్నాం.
– ఒక తండ్రి, భీమవరం దగ్గర

జవాబు: మీ నాన్నగారి మాటలో సగం నిజం. 1960లో ఎలినోర్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక బల్ల మీద అద్దం పరిచి, ఒకవైపు అద్దం కిందనే గళ్ళ గుడ్డ, రెండోవైపు బాగా లోతున అదే గుడ్డ కనిపించేలా అమర్చి, పాకే పిల్లలను మధ్యలో ఉంచి తల్లులచేత పిలిపించారు. కదిలిన 27 మందిలో ముగ్గురే లోతు కనిపించే వైపు వెళ్ళారు. అయితే అక్కడ అద్దం ఉంది, మీ అరుగుకు లేదు. ఆ ముగ్గురిలో మీ పాప లేదని ఎవరు చెప్పగలరు? తరువాత న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కేరన్ అడాల్ఫ్ చేసిన పరిశోధనల్లో ఇంకొకటి తేలింది: పాకేటప్పుడు నేర్చుకున్న జాగ్రత్త నడక మొదలైనప్పుడు పనికిరాదు, బిడ్డ మళ్ళీ కొత్తగా నేర్చుకోవాలి. ఈ రోజు అంచున ఆగిన పాప, రెండు నెలల తరువాత నిలబడి అదే అంచు మీదుగా అడుగు వేయవచ్చు.

కాలువ రేవు వైపు వాకిలికి బిడ్డ తోయలేని, ఎక్కలేని తలుపు పెట్టించండి. చాప నిలబెట్టడం, కుర్చీ అడ్డం పెట్టడం అడ్డు కాదు. కాలువ కట్టేసిన వేసవి నెలల్లో గుంటల్లో నిలిచిన నీళ్ళను కూడా లెక్కలోకి తీసుకోండి. నిజానికి కాలువకంటే దగ్గరి ప్రమాదం మీ పెరట్లోనే ఉంది. ఈ వయసులో తల బరువు ఎక్కువ. బకెట్టులోకో గాబులోకో తొంగి చూసిన బిడ్డ తలకిందులుగా పడితే తిరిగి లేవలేదు. నాలుగంగుళాల నీళ్ళు కూడా అక్కరలేదు. చప్పుడు కూడా రాదు. వాడని బకెట్టు బోర్లించండి, గాబుకు బరువైన మూత వేయండి. చెరువుల కోసం తెచ్చిన బ్లీచింగ్ పొడి, మందులు కూల్ డ్రింకు సీసాల్లో పోసి ఉంచే అలవాటు ఉంటే ఈ రోజే మానండి; రంగు సీసా ఏదైనా బిడ్డకు తాగేదే.

చక్రాల వాకరు తిరిగి ఇచ్చేయండి. దానివల్ల నడక తొందరగా రాదు. క్షణంలో అరుగు అంచు చేరే వేగం మాత్రం వస్తుంది. కెనడా 2004లోనే దాని అమ్మకాన్ని నిషేధించింది. నిలబడి వెనకనుంచి తోసుకుంటూ నడిచే మన మూడు చక్రాల కొయ్యబండి వేరు. లేచి నిలబడే వయసు వచ్చాక, గదిలో, మీ కళ్ళ ముందు, అది మంచిదే.

ప్రశ్న: మా తాతయ్య కాలం నాటి టేకు ఉయ్యాల ఉంది. రంగు పెచ్చులు లేస్తోంది. పాప అంచు కొరుకుతోంది. ఏటికొప్పాక బొమ్మలు ఇవ్వవచ్చా?
– అమలాపురం

జవాబు: ఏటికొప్పాక బొమ్మలను అంకుడు కర్రతో, లక్కతో చేస్తారు; మొక్కల నుంచి తీసిన రంగులు వేసినవే అడిగి తీసుకోండి, చిన్న ముక్కలు ఊడివచ్చేవి వద్దు. అంగడి బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, చూసి కొనండి. ఉయ్యాల సంగతి వేరు. ఇళ్ళ రంగుల్లో సీసం పదిలక్షలకు 90 పాళ్ళకు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. తాతగారి నాటి రంగులో ఎంత ఉందో పరీక్షిస్తే తప్ప తెలియదు. సీసం మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. పాపను ఈ రోజు నుంచే వేరేచోట పడుకోబెట్టండి. రంగును ఇంట్లో గీకవద్దు, ఉప్పుకాగితంతో రుద్దవద్దు. ఆ పొడి నేల మీద పడి పాప చేతులకు, అక్కడి నుంచి నోటికి చేరుతుంది. రాలిన పెచ్చులను తడిగుడ్డతో ఎత్తి, ఉయ్యాలను గుడ్డ చుట్టి అటక మీదికి ఎక్కించండి. పాప ఇప్పటికే పెచ్చులు మింగిందని తోస్తే, రక్తంలో సీసం పరీక్ష గురించి మీ వైద్యుని అడగండి.