నల్లమద్ది అయితే నామోషీనా?

హనుమకొండ

కోడలా,

నువ్వు పంపిన మూడు ఎలక్ట్రిక్ గిటార్ల ఫొటోలు చూశాను. మూడింటికీ బాడీ ఒకటే, తీగ మోతను పట్టే పికప్‌లు ఒకటే, ఫ్రెట్‌బోర్డు, అంటే మెడ మీద వేళ్లతో తీగలు నొక్కే పట్టె, దాని కర్ర మాత్రం వేరు. ఒకటి రోజ్‌వుడ్, ఒకటి మేపుల్, ఒకటి లారెల్. "లారెల్ అంటే చీప్ రకమట కదా మామా" అన్నావు. ముందు ఆ మాట తేల్చేద్దాం.

గిటార్ల మీద ఇండియన్ లారెల్ అని రాసేది మన నల్లమద్దినే. తాడ్వాయి అడవిలో మొసలి వీపులా పగుళ్లు పట్టిన బెరడుతో నిలబడి ఉంటుందే, ఆ చెట్టు. మీ తాత ఇంటి దూలాలకు దాన్నే వాడాడు. నువ్వు అంత గొప్పగా చెబుతున్న ఇండియన్ రోజ్‌వుడ్ కూడా మన జిట్రేగే. ఎబొనీ అనే నల్లకర్ర సంగతి అడగలేదు కానీ చెబుతా: ఎండాకాలం ములుగు వైపు బీడీల కోసం తునికాకు కోస్తారు కదా, ఆ తునికికి ఆఫ్రికా ఎబొనీ దగ్గరి చుట్టం. మేపుల్ ఒక్కటే మనకు పరాయిది, అమెరికా చలిలో పెరిగేది.

మరి లారెల్ గిటార్ల మీదికి ఎట్లా ఎక్కిందంటావా? నరుకుడు ఎక్కువైందని 2017 జనవరి నుంచి జిట్రేగి జాతి కర్ర ఏదైనా సరే, దేశం దాటాలంటే అనుమతి కాగితాలు ఉండాలన్నారు. ఆ తలనొప్పి పడలేక కంపెనీలు లారెల్, పావ్ ఫెరో అనే ఇంకో కర్ర వైపు మళ్లాయి. తయారైన వాయిద్యాలకు ఆ నిబంధనను 2019 చివర్లో సడలించారు, కానీ లారెల్ అప్పటికే పాతుకుపోయింది. చూపుకు రోజ్‌వుడ్ అంత నిగనిగ ఉండదు, రంగు ఒక్కో ముక్కకు ఒక్కోలా ఉంటుంది. అంతమాత్రాన నామోషీ పడాల్సింది ఏముంది?

ఇక శబ్దం. మేపుల్ గలగలమంటుందని, రోజ్‌వుడ్ గంభీరంగా పలుకుతుందని షాపువాడు చెబుతాడు. ఎలక్ట్రిక్ గిటార్‌లో పికప్ పట్టేది తీగ కదలికను. కొత్త తీగలు వేసినా, స్క్రూ తిప్పి పికప్ ఎత్తు కాస్త మార్చినా శబ్దం ఇట్టే మారిపోతుంది. దాని ముందు కర్ర తేడా నా చెవికైతే ఆనదు. నీ చెవికి ఆనితే సంతోషం, కానీ ఫోన్‌లో వీడియోలు విని మాత్రం తేల్చుకోకు.

నన్నడిగితే కర్రను చేతితో చూడాలి. నీకు అరచేయి చెమటపడుతుంది, చిన్నప్పుడు పరీక్ష కాగితం తడిసిపోయేది, గుర్తుందా? మేపుల్ లేత రంగు కర్ర, మురికి పీల్చుకుంటుంది కాబట్టి పైన లాకర్ అనే మెరిసే పూత పూస్తారు. పొడి చేతికి అది అద్దంలా జారుతుంది, తడి చేతికి అంటుకుపోతుంది. పైగా పూత అరిగిన చోట నల్లమచ్చలు పడతాయి. ఫెండర్ కంపెనీ 1950ల్లో మెడ మొత్తం మేపుల్‌తోనే చేసేది. 1958లో జాజ్‌మాస్టర్‌కు రోజ్‌వుడ్ పట్టె వేసి, మరుసటి ఏడాది మిగతా మోడళ్లకూ వేసింది. ఫ్రెట్లు, అంటే పట్టె మీది లోహపు కడ్డీలు, అరిగి మార్చాల్సి వస్తే కూడా పూత ఉన్న మేపుల్‌కే పని ఎక్కువ.

రంగు చూసి మోసపోకు. ఆర్కెస్ట్రాలో చేరిన కొత్తలో నల్లగా మెరుస్తోందని ఒక గిటార్ కొన్నాను, ఎబొనీ అన్నారు. మే నెల పెళ్లి, పందిట్లో ఫ్యాన్ లేదు. నాలుగో పాటకు నా వేళ్లు నల్లబడ్డాయి, ఆరో పాటకు తెల్లచొక్కా కూడా. ఏదో లేత రంగు కర్రకు నల్లరంగు పూసి అమ్మారు. షాపులో తడిపిన తెల్లగుడ్డతో పట్టెను ఒక చోట రుద్ది చూడు. షాపువాడు ఏమన్నా అనుకోనీ.

మెడ అంచు వెంట వేలు పైకీ కిందికీ జరిపి చూడు. ఫ్రెట్ల కొనలు గుచ్చుకుంటే కర్ర ఎండి కుంచించుకుపోయిందని అర్థం. మన ఎండలకు, ఏసీ గదులకు మంచి కర్ర కూడా ఇట్లా అవుతుంది, వానాకాలం మళ్లీ సర్దుకుంటుంది. రోజ్‌వుడ్‌కూ లారెల్‌కూ ఏడాదికి రెండుసార్లు తీగలు విప్పి, ఫ్రెట్‌బోర్డు నూనె నాలుగు చుక్కలు గుడ్డకు అద్ది తుడిస్తే చాలు. కొబ్బరినూనె మాత్రం వద్దు, కొన్నాళ్లకు కంపు కొడుతుంది. లాకర్ మేపుల్‌కు నూనెతో పనిలేదు.

రోజ్‌వుడ్, లారెల్ ఒకే ధర అయితే రోజ్‌వుడ్ తీసుకో. తేడా ఉంటే లారెల్ తీసుకుని, మిగిలిన డబ్బుతో మంచి తీగలు కొను. కొనలు గుచ్చుకున్నా కంగారుపడకు, దసరాకు వచ్చేటప్పుడు గిటార్ వెంట తెచ్చుకో. సన్న ఆకురాయి నా దగ్గర ఉంది.

మీ మామ